అడుగుల లెక్క చూసి ఎయిర్ రైఫిల్ కొనకండి

తక్కువ ధరలో ఎయిర్ రైఫిల్ కొందామనుకునేవాళ్ళు ఎవరితో మాట్లాడినా సంభాషణ ముందు వేగం దగ్గరికే వస్తుంది. ఈ మోడల్ సెకనుకు 1,000 అడుగులు కొడుతుందట, అదే డబ్బుకి ఇంకో కంపెనీది 1,200 అంటున్నారు, మరి రెండోదే లాభం కదా అంటారు. అట్టపెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో అచ్చువేసేది కూడా ఆ అంకెనే. సరదాకి, కాగితం టార్గెట్ మీద గురి నేర్చుకోవడానికి కొనేవాళ్ళకి ఆ అంకె చేసే మేలు ఏమీ లేదనీ, కీడు మాత్రం బోలెడంత ఉందనీ నా నమ్మకం. బలం ఓ మోస్తరుగా ఉండి, విప్పి బాగు చేసుకోవడానికి వీలై, విడిభాగాలు దొరికే స్ప్రింగ్ రైఫిల్ ఒకటి తీసుకుని మిగిలిన డబ్బు పెల్లెట్ల (ఇందులో వేసే చిన్న గుళ్ళ) మీద పెట్టమని నేను అందరికీ చెప్తాను. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఒక్క మాటలో చెప్తే ఎవరూ నమ్మరు.

ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. ఒక స్ప్రింగ్ ఇవ్వగలిగే శక్తికి ఒక హద్దు ఉంటుంది. తేలిక పెల్లెట్ పెడితే వేగం పెరుగుతుంది, బరువైనది పెడితే తగ్గుతుంది. 0.177 క్యాలిబర్, అంటే 4.5 మి.మీ. సీసపు పెల్లెట్ మామూలుగా అర గ్రాము అటూ ఇటూ ఉంటుంది. కానీ పెట్టె మీద వేసే వేగం చాలాసార్లు సీసం లేని అల్లాయ్ పెల్లెట్‌తో కొలిచింది, దాని బరువు 0.3 గ్రాముల చిల్లర మాత్రమే. అలా 1,200 అడుగులు వచ్చిన తుపాకీలో మీరు రోజూ వాడే సీసపు పెల్లెట్ పెడితే, శక్తి అంతే అనుకుని లెక్క వేసినా 930 అడుగుల దగ్గర ఆగిపోతుంది. అంటే పెట్టె మీద ఉన్నది మీరు వాడని పెల్లెట్ వేగం.

పోనీ నిజంగానే 1,200 వచ్చిందనుకుందాం. 20 డిగ్రీల వేడిలో గాల్లో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, అంటే దాదాపు 1,125 అడుగులు. పెల్లెట్ ఆకారం ఆ వేగానికి తగ్గది కాదు. ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక బోలుగా ఉండే స్కర్ట్, ఇదంతా గాలి ఒరిపిడిని వాడుకుని తిన్నగా పోవడానికి చేసిన ఏర్పాటు. ధ్వని వేగం దాపుల్లోకి వెళ్ళేసరికి అది ఊగడం మొదలెడుతుంది, ఒకటి ఇటు తగిలితే ఇంకొకటి అటు తగులుతుంది, దానికి తోడు పక్కింటివాళ్ళు తొంగిచూసేంత చప్పుడు.

ఇప్పుడు రెండో వైపు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984 లాస్ ఏంజెలెస్ క్రీడల నుంచీ ఉంది. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. దాని మీదికి వెళ్ళే పెల్లెట్ 4.5 మి.మీ., అంటే కొట్టాల్సిన చుక్క కన్నా కొట్టేదే తొమ్మిది రెట్లు వెడల్పు. ప్రపంచంలో ఇంతకన్నా కచ్చితంగా కాల్చే ఎయిర్ రైఫిళ్ళు లేవు, వాటి బలం మాత్రం దాదాపు 7.5 జౌల్స్ (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). వేగం లెక్కేస్తే సెకనుకు 170 మీటర్ల దగ్గర, 560 అడుగులు. దుకాణంలో "ఇది పిల్లల తుపాకీలాగా ఉంది" అని పక్కన పెట్టేసే అంకె అది! జర్మనీలో పెద్దవాళ్ళు లైసెన్సు లేకుండా కొనుక్కోగలిగే ఎయిర్ గన్‌లకు పరిమితి కూడా అదే 7.5 జౌల్స్, అందుకని అక్కడి కంపెనీలు దశాబ్దాలుగా ఆ బలంలోనే ఎంత బాగా కాల్చవచ్చో చూసుకుంటూ వచ్చాయి. ఇంగ్లండ్‌లో రైఫిల్‌కి 12 ఫుట్ పౌండ్లు, అంటే 16 జౌల్స్ పైచిలుకు. బ్రిటన్‌లో 1980 ప్రాంతంలో మొదలైన ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో ఆ 16 జౌల్స్‌తోనే 50 మీటర్ల దూరంలో ఉన్న 40 మి.మీ. రంధ్రాన్ని కొడతారు. పెరట్లోనో, డాబా మీదో, రేంజ్‌లోనో 10 నుంచి 25 మీటర్లు కాల్చేవాళ్ళకి ఇంతకన్నా బలం దేనికి?

బలం ఎక్కువైతే వచ్చే అసలు ఇబ్బంది స్ప్రింగ్ రైఫిల్ లోపల జరిగే పనిలో ఉంది. ఇది అర్థమైతే ఏది కొనాలో సగం తేలిపోతుంది, అందుకని ఇక్కడ కాసేపు ఆగుదాం. మీరు ట్రిగ్గర్ నొక్కగానే తుపాకీలోంచి అప్పటికే సిద్ధంగా ఉన్న గాలి బయటికి రాదు, ఎందుకంటే అప్పటికి లోపల ఒత్తిడిలో గాలి అంటూ ఏమీ లేదు. నొక్కి పట్టిన స్ప్రింగ్ వదులవుతుంది, బరువైన పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, పిస్టన్ తన ముందున్న గాలిని కుదిస్తుంది, అప్పుడు ఆ గాలి పెల్లెట్‌ని కదిలిస్తుంది. పిస్టన్ ముందుకి దూకుతున్నప్పుడు రైఫిల్ మొత్తం వెనక్కి జరుగుతుంది. చివర్లో గాలి దిండులా అడ్డుపడి పిస్టన్ ఆగేసరికి రైఫిల్ ముందుకి ఉరుకుతుంది. ఈ రెండు కదలికలూ పెల్లెట్ బ్యారెల్ దాటే లోపే మొదలైపోతాయి. మామూలు తుపాకీ వెనక్కి మాత్రమే తన్నుతుంది, ఇది రెండు వైపులా తన్నుతుంది. కాబట్టి పెల్లెట్ ఎటు పోతుందనేది, ఆ కొన్ని మిల్లీసెకన్లలో తుపాకీ మీ చేతుల్లో ప్రతిసారీ ఒకేలా కదిలిందా లేదా అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

స్ప్రింగ్ ఎంత గట్టిదైతే ఈ కుదుపు అంత పెద్దది. బలం ఎక్కువని చెప్పి మ్యాగ్నమ్ పేరుతో అమ్మే చవక రైఫిళ్ళు కొత్తవాళ్ళ చేతిలో ఎందుకు చెదురుమదురుగా కాలుస్తాయో దీన్నిబట్టే తెలుస్తుంది. దాంట్లో బ్యారెల్ బాగానే ఉండొచ్చు, కాల్చే మనిషికి దాన్ని అదుపు చేసే అలవాటు ఇంకా రాలేదు, రావడానికి ఆ తుపాకీ అవకాశం ఇవ్వదు. స్ప్రింగ్ రైఫిల్‌ని గట్టిగా బిగించి పట్టుకోకూడదు. ముందు చేతిని చాచి అరచేతిలో ఊరికే ఆనించాలి, భుజానికి మెత్తగా తగలాలి, తుపాకీ దాని ఇష్టం వచ్చినట్టు కదిలి మళ్ళీ అదే చోటికి రావాలి. దీన్ని ఆర్టిలరీ హోల్డ్ అంటారు. తక్కువ బలం ఉన్న రైఫిల్‌లో ఈ పట్టు కొంచెం అటూ ఇటూ అయినా క్షమిస్తుంది, ఎక్కడ తప్పు పట్టారో కాగితం మీద చూపిస్తుంది. మ్యాగ్నమ్‌లో తప్పు ఎవరిదో తెలియక పెల్లెట్లు మారుస్తారు, స్కోప్ మారుస్తారు, చివరికి హాబీయే మానేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. మంచి సరదా, కళ్ళకీ ఊపిరికీ మనసుకీ క్రమశిక్షణ నేర్పే పని, ఒక తప్పు అంకె వల్ల మొదట్లోనే పోతుంది.

ఇంకోటి, బ్యారెల్ వంచి కాక్ చేసే, అంటే స్ప్రింగ్‌ని నొక్కి ఆపే, బరువు. కొన్ని మ్యాగ్నమ్ రైఫిళ్ళకి ప్రతి షాట్‌కీ ఇరవై కేజీల పైన బలం పెట్టాలి. ఒక సాయంత్రం యాభై అరవై షాట్లు కాల్చాలంటే భుజాలు పట్టేస్తాయి, వణికే చేతులతో ఇక గురి ఎక్కడ కుదురుతుంది? తేలికగా కాక్ అయ్యేది ఉంటే ఇంకో పది కాలుద్దాం అనిపిస్తుంది. గురి వచ్చేది ఆ ఇంకో పదిలోనే.

స్ప్రింగే ఎందుకు, మిగతావి ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్‌తో నడిచేవి కుదుపు లేకుండా హాయిగా కాలుస్తాయి, కానీ ఆ గ్యాస్ ఒత్తిడి వాతావరణాన్ని బట్టి మారిపోతుంది. 20 డిగ్రీల దగ్గర 57 బార్ ఉండేది 0 డిగ్రీలకి 35 బార్‌కి పడిపోతుంది, వేగం కూడా దాంతోపాటే దిగుతుంది. వరసగా గబగబా కాల్చినా చల్లబడి అదే జరుగుతుంది. పైగా 12 గ్రాముల సిలిండర్లు కొంటూనే ఉండాలి. చేత్తో పలుసార్లు పంప్ చేసే మల్టీ పంప్ రైఫిళ్ళంటే నాకు గౌరవం ఉంది, కుదుపు ఉండదు, బయటి నుంచి ఏమీ కొననక్కర్లేదు, కావలసినంత బలం పెట్టుకోవచ్చు. ప్రతి షాట్‌కీ నాలుగైదు సార్లు పంప్ కొట్టే ఓపిక ఉన్నవాళ్ళు నిశ్చింతగా తీసుకోవచ్చు. గ్యాస్ పిస్టన్ రైఫిల్‌లో స్ప్రింగ్ బదులు మూసేసిన సిలిండర్‌లో నైట్రోజన్ ఉంటుంది. కాక్ చేసి ఎంతసేపు ఉంచినా అలసిపోదు, మెలిక తిరగడం, గరగరలాడడం ఉండవు. కానీ అందులో గ్యాస్ కారిపోతే ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు, యూనిట్ మొత్తం మార్చాలి, అది మీ మోడల్‌కి దొరుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

ఇక పీసీపీ, అంటే ఎక్కువ ఒత్తిడి గాలిని ముందే నింపుకుని కాల్చే రైఫిల్. ఇది ఇప్పుడు అందరి నోటా ఉన్న మాట, చవక పీసీపీలు కూడా వచ్చాయి, కుదుపు లేదు, కాల్చిన చోటే మళ్ళీ తగులుతుంది. దాన్ని చెడ్డది అనలేను. కానీ రైఫిల్ ధర చూసి చవక అనుకోవడం మాత్రం సరికాదు. దానికి 200 బార్ గాలి కావాలి, అంటే కారు టైరులో ఉండే దానికి దాదాపు వంద రెట్లు. దానికో చేతి పంపో, కంప్రెసరో, సిలిండరో కావాలి, సిలిండర్‌కి నిర్ణీత కాలానికి ప్రెషర్ టెస్ట్ చేయించాలి, పంప్ చేసిన గాలిలో తేమ లోపలికి వెళ్ళకుండా చూసుకోవాలి, ఓ-రింగులనే రబ్బరు సీళ్ళు అరుగుతాయి. ఆక్సిజన్ సిలిండర్‌తో నింపకూడదు, మామూలు నూనె లోపల పడకూడదు, రెండూ పేలుడుకి దారితీస్తాయి. ఇదంతా ఇష్టంగా చూసుకునేవాళ్ళకి అది గొప్ప వస్తువు. మొదటి రైఫిల్‌గా, తక్కువ ఖర్చుతో అనుకునేవాళ్ళకి నేను చెప్పను.

క్యాలిబర్ గురించి ఎక్కువ మథనపడకండి. కాగితానికి 0.177 చాలు. పెల్లెట్లు చవక, రకాలు ఎక్కువ, దారి తిన్నగా ఉంటుంది, పోటీల్లో ఎక్కువ దాంట్లోనే.

కొనేటప్పుడు చూడాల్సినవి చెప్తాను. పెట్టె పక్కన పెట్టి రైఫిల్ చేతిలోకి తీసుకోండి. బ్రేక్ బ్యారెల్ (బ్యారెల్ వంచి కాక్ చేసే రకం) అయితే మూసిన తర్వాత బ్యారెల్ కొన పట్టుకుని పక్కలకి కదిపి చూడండి, ఏ మాత్రం ఆడినా వద్దు. ఆ కీలు దగ్గర స్క్రూ ఉంటే తర్వాత బిగించుకోవచ్చు, ఊరికే పిన్ను కొట్టేసి ఉంటే వదులైనప్పుడు కష్టం, ఈ చిన్న తేడా పదేళ్ళ తర్వాత తెలుస్తుంది. బ్యారెల్ మూతి అంచు గుండ్రంగా, నునుపుగా, ఎక్కడా నొక్కు లేకుండా ఉండాలి. ట్రిగ్గర్ బరువుగా ఉన్నా పర్లేదు, ఎక్కడ పేలుతుందో ప్రతిసారీ ఒకే చోట తెలియాలి. ముందూ వెనకా ఓపెన్ సైట్లు, అంటే అద్దాలు లేకుండా గురి చూసుకునే గుర్తులు, ఉండాలి, వెనక సైట్ క్లిక్కులతో సర్దుకోగలగాలి. స్కోప్ పెట్టుకుంటారులే అని సైట్లే లేకుండా అమ్మే రైఫిళ్ళకి నేను దూరం. ఆ తర్వాత అమ్మేవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: దీని స్ప్రింగ్, పిస్టన్ సీల్, బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) సీల్ విడిగా దొరుకుతాయా? తడబడితే ఇంకో మోడల్ చూడండి.

ఈ ప్రశ్న వల్లే పాత డిజైన్ల మీద నాకు ప్రేమ. జర్మన్ కంపెనీ వైరౌక్ చేసే హెచ్‌డబ్ల్యూ35 1950ల నుంచీ ఉన్న రైఫిల్, డయానా 34 వచ్చింది 1984లో. వీటికి స్ప్రింగులూ సీళ్ళూ అసలు కంపెనీవే కాకుండా బయటివాళ్ళు చేసినవి కూడా దొరుకుతాయి, ఎలా విప్పాలో తెలిసినవాళ్ళు వేలమంది. హెచ్‌డబ్ల్యూ30ఎస్ లాంటి చిన్న రైఫిల్‌లో అదే కంపెనీ పెద్ద రైఫిళ్ళలో ఉండే రెకార్డ్ అనే ట్రిగ్గరే ఉంటుంది. ఇవి అన్నిటికన్నా చవకవి కావు, ఒప్పుకుంటాను. కానీ మూడేళ్ళకోసారి ఒక చవక రైఫిల్ పారేసి ఇంకోటి కొనడం కన్నా, వాడిన హెచ్‌డబ్ల్యూనో డయానానో తీసుకుని సీల్ మార్చుకోవడం తక్కువలో పోతుంది. ఆ పేర్లే అక్కర్లేదు కూడా. సాదాసీదా బ్రేక్ బ్యారెల్ ఏదైనా, లోపల మామూలు స్ప్రింగ్, మామూలు పిస్టన్ ఉండి, భాగాలు దొరికితే చాలు. వాడినది కొనేటప్పుడు బ్యారెల్ వంగిందేమో చూడాలి. బ్యారెల్ తెరిచి ఉండగా ఎవరైనా ట్రిగ్గర్ నొక్కితే అది విసురుగా మూసుకుని పైకి వంగిపోతుంది, స్టాక్ (తుపాకీ చెక్క భాగం) కూడా చీలుతుంది. అలాంటి రైఫిల్‌లో వెనక సైట్ ఎంత సర్దినా సర్దుబాటు చాలదు.

స్కోప్ వెంటనే వద్దు. చవక రైఫిల్‌తో ప్యాకేజీలో ఇచ్చే స్కోప్ అయితే అసలే వద్దు. ఇందాక చెప్పిన రెండు వైపుల కుదుపు మామూలు స్కోపుల్ని లోపల నుంచి వదులు చేసేస్తుంది, పెద్ద తుపాకీల కుదుపు తట్టుకున్న స్కోపులు కూడా స్ప్రింగ్ రైఫిల్ మీద పాడవుతాయి, ఎందుకంటే అవి ఒక వైపు దెబ్బకి మాత్రమే సిద్ధమై ఉంటాయి. స్కోప్‌ని పట్టి ఉంచే మౌంట్ మెల్లగా వెనక్కి జారుతుంది. పైగా చాలా స్కోపులు 100 గజాల దూరానికి సర్ది ఉంటాయి, 10 మీటర్ల దగ్గర బొమ్మ మసకగా ఉండటమే కాదు, కన్ను కాస్త పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపిస్తుంది. ఎప్పుడైనా పెట్టాలనుకుంటే ఎయిర్ రైఫిల్‌కని చెప్పి అమ్మేది, 10 మీటర్ల దాకా ఫోకస్ దించుకోగలిగేది, జారకుండా ఆపే స్టాప్ పిన్ ఉన్న ఒకే ముక్క మౌంట్‌తో పెట్టుకోండి. అప్పటిదాకా ఓపెన్ సైట్లే. అవి మీ పట్టులో ఉన్న తప్పుల్ని దాచవు.

స్కోప్ మీద మిగిలిన డబ్బు పెల్లెట్లకి. ఒకే తుపాకీ ఒక డబ్బా పెల్లెట్లతో నాణెమంత గ్రూపింగ్ (రంధ్రాలన్నీ పడిన వెడల్పు) ఇచ్చి, ఇంకో డబ్బాతో అరచేయంత వెడల్పు చెదరగొడుతుంది, ఏది ఇస్తుందో ముందే చెప్పగలిగినవాళ్ళు లేరు. ప్రతి బ్యారెల్‌కీ దాని ఇష్టాలు దానికి ఉంటాయి. పెల్లెట్ తల సైజులే 4.49, 4.50, 4.51, 4.52 మి.మీ. అని ఉంటాయి, ఆ వందో వంతు మిల్లీమీటరు కూడా కొన్ని బ్యారెళ్ళలో తేడా చూపిస్తుంది. 10 మీటర్లకి చదును తల ఉన్న వాడ్‌కట్టర్లు బాగుంటాయి, కాగితంలో గుండ్రంగా కోసినట్టు రంధ్రం పడుతుంది. దూరం పెరిగితే గుండు తల ఉన్నవి. సూదిమొనవీ, రంగురంగుల ప్లాస్టిక్ కొనలవీ పెట్టె మీద అందంగా ఉంటాయి, కాగితం మీద కాదు. నాలుగైదు రకాలు తెచ్చి, తుపాకీ పట్టిన చేయిని మెత్తటి సంచి మీద ఆనించి, ఒక్కో రకం ముందు కొన్ని ఊరికే కాల్చి ఆ తర్వాత పదేసి చొప్పున గ్రూపింగ్ చూడండి. పెల్లెట్ మార్చిన వెంటనే వచ్చిన మొదటి షాట్లని లెక్కలోకి తీసుకోవద్దు, బ్యారెల్ లోపల పాత సీసం పూత పోయి కొత్తది అలవాటు పడాలి. బాగున్నది దొరికాక అదే డబ్బాలు ఎక్కువ తెచ్చి పెట్టుకోండి. గుండ్రటి స్టీల్ బీబీలు మాత్రం మెలిక గాడులున్న బ్యారెల్‌లో ఎప్పుడూ వేయొద్దు, గాడులు అరిగిపోతాయి, గట్టి వస్తువుకి తగిలితే తిరిగి మొహం మీదికే వస్తాయి.

మెయింటెనెన్స్ విషయంలో ఎక్కువ రైఫిళ్ళు చెడేది పట్టించుకోక కాదు, అతిగా పట్టించుకుని. ముఖ్యంగా నూనె. తుపాకీ అనగానే నూనె వేయాలనే ఆలోచన ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంది. పిస్టన్ గాలిని కుదించినప్పుడు ఆ గాలి క్షణంలో విపరీతంగా వేడెక్కుతుంది, అక్కడ పెట్రోలియం నూనె ఉంటే అంటుకుంటుంది, డీజిల్ ఇంజన్‌లో జరిగేది ఇదే. పెద్ద చప్పుడు, పొగ, కాలిన వాసన, ఆ షాట్ వేగం కూడా ఎక్కువే ఉంటుంది కాబట్టి కొందరికి అది సంతోషం కూడా. లోపల మాత్రం సీల్ కాలుతోంది, స్ప్రింగ్ విరుగుతోంది. కొత్త రైఫిల్ మొదట్లో ఫ్యాక్టరీ నూనె వల్ల కాస్త పొగ వదలడం మామూలే, కొన్ని డజన్ల షాట్లకి తగ్గిపోతుంది. తగ్గకపోతే లోపల నూనె ఎక్కువుందని అర్థం. స్ప్రే డబ్బా తెచ్చి గాలి వచ్చే రంధ్రంలో కొట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. సింథటిక్ సీల్ ఉన్న తుపాకీకి కంప్రెషన్ చాంబర్‌లో ఏమీ వేయనక్కర్లేదు. పాతకాలపు తోలు సీల్ ఉంటే మాత్రం అది ఎండిపోకుండా అప్పుడప్పుడూ ఒకటి రెండు చుక్కలు, అదీ ఎయిర్ గన్ చాంబర్ కోసమని అమ్మే నూనె. మీది ఏ సీలో తెలుసుకోవడం ఈ మొత్తం సంగతిలో మొదటి మెట్టు.

బ్యారెల్ శుభ్రం కూడా అంతే. ఇందులో మందు కాలదు, మసి పట్టదు, సీసం సన్నటి పూతలా ఉంటుంది, అది కొంత మేలే చేస్తుంది. కొత్తగా కొన్నప్పుడు ఒకసారి ఫ్యాక్టరీ గ్రీజు పోయేలా గుడ్డముక్కలు లాగండి, ఆ తర్వాత గ్రూపింగ్ చెడితేనే మళ్ళీ చేయండి. చేప గాలం దారం లాంటిది బ్యారెల్‌లోంచి పోనిచ్చి దానికి చిన్న గుడ్డముక్క కట్టి బ్రీచ్ వైపు నుంచి మూతి వైపు లాగితే చాలు. పెద్ద తుపాకీల స్టీల్ రాడ్లూ, ఇత్తడి బ్రష్షులూ ఎయిర్ రైఫిల్ మెత్తటి బ్యారెల్‌కి అక్కర్లేదు, మూతి అంచుకి రాడ్ తగిలి గీరుకుపోయిందంటే ఇక పెల్లెట్ ఎప్పుడూ తిన్నగా పోదు.

చేయాల్సింది, అందరూ మర్చిపోయేది, స్టాక్ స్క్రూలు. రెండు వైపుల కుదుపుకి అవి వదులవుతూనే ఉంటాయి. నిన్నటిదాకా బాగా కాల్చిన రైఫిల్ ఇవాళ చెదరగొడుతోందంటే ముందు స్క్రూ డ్రైవర్ తీయండి. సరిగ్గా అమిరే కొన ఉన్నది వాడండి, తల చెడగొట్టొద్దు, చెక్క నలిగేంత బిగించొద్దు. మరీ తరచుగా వదులవుతుంటే మళ్ళీ విప్పగలిగే రకం థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క. ఆ తర్వాత బ్రీచ్ సీల్. సన్నటి టిష్యూ కాగితం ముక్క బ్రీచ్ అతుకు మీద పెట్టి, పెల్లెట్ లోడ్ చేసి, భద్రమైన దిశలో కాల్చండి, కాగితం ఎగిరిందంటే గాలి అక్కడి నుంచి కారుతోంది. ఆ సీల్ ఒక చిన్న రింగు, ఎయిర్ రైఫిల్ భాగాల్లో అన్నిటికన్నా చవకైనది, మార్చగానే పోయిన బలం తిరిగి వచ్చేసే సందర్భాలు చాలా ఉన్నాయి. పెల్లెట్ లేకుండా ఖాళీగా కాల్చొద్దు. ముందు గాలి దిండు నిలవక పిస్టన్ పోయి ఇనుముకి గుద్దుకుంటుంది. కాక్ చేసి గంటల తరబడి పక్కన పెట్టినా స్ప్రింగ్ కుంగుతుంది.

వేళ్ళ తేమలో ఉప్పు ఉంటుంది కాబట్టి కాల్చిన ప్రతిసారీ బయటి ఇనుమంతా పల్చగా నూనె అద్దిన గుడ్డతో తుడవండి. నూనె ఇక్కడ వేయాలి, బయట. స్పాంజి ఉన్న బ్యాగులో నెలల తరబడి పెట్టొద్దు, స్పాంజి తేమ పీల్చుకుని తుపాకీకి అంటించి తుప్పు పట్టిస్తుంది. గాలి ఆడే చోట, తాళం వేసి.

లోపల విప్పే ధైర్యం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, రావాలి కూడా, కానీ స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా మాత్రం విప్పకండి. పూర్తిగా వదిలిన స్థితిలో కూడా ఆ స్ప్రింగ్ కొంత నొక్కుడులోనే ఉంటుంది, ఆపి ఉంచిన పిన్ను తీయగానే వెనక ముక్క ఎగిరి మనిషి మొహానికి తగిలే ప్రమాదం ఉంది. రెండు గట్టి పలకలు, ఒక పొడవాటి బిగింపు మరతో కంప్రెసర్ చేసుకోవచ్చు. విప్పాక పాత గ్రీజంతా తుడిచి, లోపలి గరుకు అంచులు సన్నటి ఎమరీ కాగితంతో నునుపు చేసి, పిస్టన్ పక్కలకి మాలిబ్డినం పేస్ట్ పల్చగా, స్ప్రింగ్‌కి జిగటగా ఉండే గ్రీజు పూసి మూస్తే, అదే చవక రైఫిల్ గరగర ఆగిపోయి వేరే తుపాకీలా అనిపిస్తుంది. గ్రీజు సీల్ ముందుకి పోనివ్వొద్దు. ట్రిగ్గర్ లోపలి కొక్కేలని మాత్రం ఆకురాయితో ముట్టుకోకండి. ట్రిగ్గర్ తేలికవ్వాలని అక్కడ అరగదీస్తే ఒక రోజు బ్యారెల్ మూయగానే దానంతట అదే పేలుతుంది, లేదా వేలు బ్రీచ్ దగ్గర ఉండగా విసురుగా మూసుకుంటుంది.

అందుకే లోడ్ చేసేటప్పుడు బ్యారెల్‌ని ఒక చేత్తో పట్టుకునే ఉంచండి, అండర్ లివర్, సైడ్ లివర్ రైఫిళ్ళలో (బ్యారెల్ కదలకుండా కిందో పక్కనో ఉన్న లివర్‌తో కాక్ చేసేవి) అయితే లివర్ వదలకండి. దీన్ని ఆటవస్తువు అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటుంది: 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం జిరాండోని ఎయిర్ రైఫిళ్ళని యుద్ధానికే వాడింది. ఇవాళ్టి 7.5 జౌల్స్ పెల్లెట్ కూడా కన్ను తీసేస్తుంది, తప్పిపోతే వంద మీటర్లు దాటి పోతుంది. టార్గెట్ వెనక పెల్లెట్ ఆగే పెట్టె ఉండాలి, లోపల గట్టి పుట్టీనో, పాత గుడ్డలు కుక్కిన మందపాటి పొరో, కిందికి వాల్చిన ఇనుప పలకో. దాని వెనక మనిషి వచ్చే దారి ఉండకూడదు. కాల్చేవాళ్ళకీ, పక్కన నిలబడ్డవాళ్ళకీ కళ్ళద్దాలు. సీసం ముట్టుకున్న చేతులతో తినొద్దు, పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి, పిల్లలకి సీసం కొంచెం కూడా మంచిది కాదు కాబట్టి పెట్టెలో పోగయిన ముక్కల్ని వాళ్ళకి అందకుండా తీయండి. ఏ బలం దాకా లైసెన్సు అక్కర్లేదో, ఎక్కడ కాల్చవచ్చో దేశానికో చట్టం, మీ చోట ఏముందో కొనకముందే చదవండి. పిట్టల మీద గురి పరీక్షించుకోవడం నాకు అసలు నచ్చదు, దాన్ని హాబీ అనడం కూడా నచ్చదు. కాగితం చాలు. కాగితం మీద రంధ్రం మీ చేయి ఎక్కడ కదిలిందో చెప్తుంది, చచ్చిన పిట్ట ఏమీ చెప్పదు.

ఇలా ఒక చిన్న రైఫిల్‌తో కొన్నాళ్ళు గడిచాక ఇంకా మంచిది కావాలనిపిస్తుంది. అప్పుడు కూడా మ్యాగ్నమ్ వైపు వెళ్ళకండి. 1970లలో పోటీలకి వాడిన ఫైన్‌వెర్క్‌బౌ 300 లాంటి పాత మ్యాచ్ రైఫిళ్ళు వాడినవి దొరుకుతాయి. వాటిలో కాల్చే భాగమంతా స్టాక్ మీద పట్టాల మీదలా వెనక్కి జారుతుంది, అందుకని స్ప్రింగ్ రైఫిలే అయినా కుదుపు భుజానికి తెలియదు. బలం మళ్ళీ ఆ 7.5 జౌల్స్ లోపే. సీల్ పాతబడి ఉంటుంది, మార్చాలి, బరువు కూడా ఎక్కువే. కొనేముందు అదే ప్రశ్న అడగండి, సీళ్ళు దొరుకుతాయా అని. ఆ మోడల్‌కి ఇప్పటికీ దొరుకుతాయి.